చెరువు నిండినను మడి ఎండుచున్నదేల?



మా బయ్యారం పెద్ద చెరువును ఎరుగనివారు ఈ ప్రాంతమందు ఉండరు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ దీనిని కట్టించి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టినట్లు ఇక్కడి శాసనము చెప్పుచున్నది. ఏడు వందల ఏండ్లు దాటిన చెరువు ఇది. వానలు మెండుగా కురిసి అలుగు దూకిన సంవత్సరమున కూడ ఆయకట్టు చివరి మడికి నీరందక తల పట్టుకొని కూర్చున్న రైతులను నేను చూచితిని. చెరువులో నీరు లేకనా? ఉన్నది. నడుమ కాలువకు గండి పడినది, లేదా పూడిక నిండినది, లేదా నీరటి నిద్రపోయినాడు. మడి ఎండిన రైతు మాత్రము చెరువునే తిట్టుకొనుచు ఇంటికి పోవును.

శ్రీసభ అట్టి చెరువు. ప్రభువు ఇచ్చిన సత్యజలమునకు అందు కొదువ లేదు. ఆ నీటికై వయసు వచ్చిన స్త్రీపురుషులు, ఇంటి పెద్దల కోపమునకును ఊరివారి మాటలకును ఓర్చుకొని, మన గుడి గడప తొక్కుచున్నారు. వారిని జ్ఞానస్నానార్థులని పిలుచుచున్నాము. వారికి మనము చేయుచున్న ఉపదేశము నమ్మదగినదేనా? వారు వినుచున్నది శ్రీసభ బోధయా, లేక చెప్పువాని నోటికి వచ్చిన మాటయా? ఈ ప్రశ్న అడుగుటకు మనము భయపడుచున్నాము. గురుపట్టము పొంది పాతికేండ్లు దాటిన నేను ఈ ప్రశ్నను మొదట నన్నే అడుగుకొని, తరువాత మిమ్మును అడుగుచున్నాను. నా మాటలు కొందరికి చేదుగా ఉండవచ్చును. వేపాకు చేదైనను కడుపులోని పురుగును చంపును గదా!

కొన్నేండ్ల క్రిందట ఒక తండాకు దివ్యపూజ సమర్పించుటకు పోయితిని. సత్ప్రసాద సమయమున అందరును ముందుకు వచ్చిరి. ఒక స్త్రీ మాత్రము వెనుక గోడకు ఆనుకొని కూర్చుండెను. మూడేండ్లకు ముందు నా చేతి మీదుగానే జ్ఞానస్నానము పొందినది. పూజ ముగిసిన పిమ్మట కారణమడిగితిని. ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొని ఇట్లు చెప్పెను: "ఫాదరుగారూ, మా యాడి సచ్చిపోయి నాలుగేండ్లాయె. ఆమెకు జ్ఞానస్నానం లేదు. నరకంల కాలుతున్నదని మాకు చెప్పిన సారు అన్నడు. ఆమె అక్కడ కాలుతుంటె నేను ఇక్కడ దేవుని అప్పం ఎట్ల తినాలె?"

నాకు నోట మాట రాలేదు. మూడు సంవత్సరములుగా ఆ బిడ్డ ఆదివారము తప్పక వచ్చుచు, గోడకు ఆనుకొని కూర్చుండి, తల్లి పేరు పైకి పలుకక కుమిలిపోవుచున్నది. నేను ఎదుటనే పూజ చేయుచు గమనింపలేదు.

ఆమెకు నేర్పినవాడు దుర్మార్గుడా? కాడు. భక్తిగలవాడు, వానలో తడిసి చెప్పినవాడు, ఒక్క రూపాయి ఆశింపనివాడు. తాను చిన్ననాడు ఎవరినోటనో విన్నదానిని శ్రీసభ బోధ అనుకొని చెప్పినాడు. అతనిని ఆ పనికి నియమించినది ఎవరు? నేను. అతనికి ఏమి తెలియునో విచారించితినా? లేదు. అతడు చెప్పుచుండగా ఒక్క సాయంకాలమైనను చాప మీద కూర్చుండి వింటినా? వినలేదు. జ్ఞానస్నానపు దినమున పరలోకజపము, మంగళవార్త జపము, విశ్వాస సంగ్రహము అప్పగించుమంటిని; ఆమె తడబడక అప్పగించెను; నీరు పోసి, రిజిస్టరులో పేరు వ్రాసి, ఈ యేడు ఇంతమంది అని లెక్క చూచుకొని సంతోషించితిని. తప్పు నాది. దీనిని అచ్చులో ఒప్పుకొనుటకు నాకు సిగ్గు లేదు, ఒప్పుకొనకుండుటయే సిగ్గు.

ఈ విషయమున శ్రీసభ చెప్పుచున్నది రహస్యమేమియు కాదు. అమెరికా దేశములోని బోస్టన్ నగరమున ఒక గురువు, కతోలిక శ్రీసభలో చేరని ప్రతివాడును నశించునని పట్టుపట్టి బోధించగా, ఆ బోధ తప్పని 1949లో రోమాపురి నుండియే ఉత్తరము వచ్చెను. రెండవ వాటికన్ మహాసభ 1964 నవంబరు 21న శ్రీసభను గూర్చి వెలువరించిన శాసనములో, తమ తప్పు లేకయే సువిశేషమును ఎరుగని వారై, నిష్కపటమైన మనస్సుతో దేవుని వెదకుచు, మనస్సాక్షి చూపిన మంచిని ఆయన కృపతో చేయ యత్నించువారు కూడ నిత్యరక్షణ పొందగలరని స్పష్టముగా చెప్పెను. రక్షణ క్రీస్తు వలననే కలుగును. ఆయన కృప ఎంత దూరము పారునో కొలుచు కొలబద్ద మన చేతికి ఆయన ఇయ్యలేదు. అరువది ఏండ్లకు పైగా శ్రీసభ చెప్పుచున్న ఈ మాట రోమా నుండి సముద్రములు దాటి బయ్యారం వరకు వచ్చి, తండాకు చేరకుండ నిలిచిపోయెను. నడుమ ఉన్న కాలువను నేనే.

ఆ దినమున ఆ స్త్రీ ప్రక్కన కూర్చుండి ఈ సంగతి విప్పి చెప్పితిని. తల్లి ఎట్టిదని అడిగితిని. ఆకలితో వచ్చినవానిని వట్టి చేతులతో పంపలేదని చెప్పెను. ఆ మరుసటి నెల పూజలో తల్లి పేరు చెప్పి ప్రార్థింపుమని ఆమె నన్ను కోరెను. ఆ దినమున సత్ప్రసాదము స్వీకరించెను. పోయిన మూడేండ్లను మాత్రము నేను తిరిగి ఇయ్యలేకపోతిని.

సోదరులారా, ఇది ఒక్క తండాతో తీరిన కథ కాదు. నా చెవిన పడిన మరి కొన్ని బోధలను మీ ఎదుట పెట్టుచున్నాను. మీ ఊరిలో ఇట్టివి లేవని అనగలిగినచో నన్ను క్షమింపుడు.

ఒకడు యౌవనమున వేరొక క్రైస్తవ సంఘములో బాప్తిస్మము పొందినవాడు. తండ్రి, పుత్ర, పవిత్రాత్మ నామమున నీటితోనే పొందినాడు. మన పిల్లను వివాహమాడి మన గుడికి రాసాగెను. అతనికి నేర్పినవాడు, "అది ఉత్త నీళ్ళు, లెక్కలోకి రాదు, మళ్ళీ తీసుకోవాలె" అని చెప్పెను. ఎంత సాహసము! మూడవ శతాబ్దమున, 255, 256 సంవత్సరములలో, ఈ సంగతిపైననే కార్తేజు పీఠాధిపతి సిప్రియను గారికిని రోమా పోపుగారైన స్తెఫానునకును గొప్ప వివాదము నడిచెను. సిప్రియను అంతటి మహాత్ముడు మరల ఇయ్యవలెననెను, పోపుగారు కూడదనిరి, శ్రీసభ పోపుగారి మాటయే నిలుపుకొన్నది. నేటి 1983 నాటి శ్రీసభ చట్టములో 869వ సూత్రమును చూడుడు: సరిగా ఇయ్యబడిన జ్ఞానస్నానమును మరల ఇయ్యరాదు, విచారించిన పిమ్మట కూడ నిజమైన సందేహము మిగిలిననే షరతుతో ఇయ్యవచ్చును. అట్టివాడు విశ్వాస ప్రకటనము చేసి మనతో పూర్ణ ఐక్యతకు రావలెనే గాని, అతడు నిన్నటివరకు అన్యుడైనట్లు చూడరాదు. అతని మొదటి జ్ఞానస్నానమును ఎగతాళి చేయుట అతని తల్లిదండ్రుల విశ్వాసమును ఎగతాళి చేయుటయే.

మరొక చోట ఒక ఇల్లాలికి, "ఇన్నాళ్ళు మైసమ్మను మొక్కినవు, ఇప్పుడు మరియమ్మను మొక్కు, అంతే తేడా" అని చెప్పిరి. ఎంత తేలికయైన పాఠము! ఎంత ఘోరమైన పాఠము! శ్రీసభ ఆరాధించునది ఏక త్రిత్వ సర్వేశ్వరుని మాత్రమే. మరియమాత దేవత కాదు. దేవుని తల్లి, మన తల్లి. మనతో కలిసి, మన కొరకు ప్రార్థించునది. కానా పెండ్లిలో ఆమె సేవకులకు చెప్పినదెల్ల తన కుమారుని మాట వినుమనియే. ఆమెను దేవతగా నిలిపినవాడు ఆమె నోటి మాటను ఆమె నోటనే నొక్కివేయుచున్నాడు. ఆ ఇల్లాలు కోరినది జరిగినంత కాలము జపమాల పట్టుకొనెను. బిడ్డకు జబ్బు తగ్గకపోగా జపమాల చూరులో దోపి, మరల మైసమ్మ గద్దె కడకు పోయెను. ఆమెను నిందింతమా? ఆమెకు మనము నేర్పినది బేరమే గదా! బేరము కుదరనిచో వేరొక అంగడికి పోవుట లోకసహజము.

ఇక మూడవది. దీనిని చెప్పుటకు మనవారు జంకుదురు. "జ్ఞానస్నానం తీసుకుంటె కాగితాల్లో ఏమీ మారదు, అవన్నీ మనసులో పెట్టుకోకు" అని షెడ్యూల్డు కులపు సోదరునితో చెప్పు ఉపదేశకులు ఉన్నారు. ఇది అబద్ధము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులపు హోదా మొదట హిందువులకే పరిమితమై, 1956లో సిక్కులకును 1990లో బౌద్ధులకును విస్తరింపబడినది, క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రములో అట్టివారు వెనుకబడిన తరగతులలోని సి వర్గమున లెక్కింపబడుదురు. ఆ వర్గమునకు ఉన్నది నూటికి ఒక్క పాలు. కోయ, లంబాడి మొదలగు షెడ్యూల్డు తెగలవారి హోదా మతమును బట్టి పోదు. ఈ చట్టము న్యాయమా అన్యాయమా అనునది వేరు మాట. అన్యాయమని నేను నమ్ముచున్నాను. కాని వచ్చువానికి ముందుగా చెప్పకుండుట మోసము. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని సెలవిచ్చినది మన ప్రభువే. బిడ్డ ఉద్యోగపు దరఖాస్తు నాడు ఆ లెక్క మొదటి సారి తెలిసికొన్న తండ్రి, నిన్ను మాత్రమే కాక, నీవు చెప్పిన సువిశేషమును కూడ అబద్ధమనుకొనును. ఒక్కటి దాచినవాడు అన్నియు దాచియుండునని లోకము తలచదా?

ఇప్పుడు నాకు ఎదురు చెప్పువారి మాటలు విందము.

మొదటివారు అందురు: "పల్లెటూరివారికి ఇంత బోధ ఏల? వారిది పసిబిడ్డల విశ్వాసము. ఫిలిప్పు ఇతియోపియా దేశపు అధికారికి దారిలోనే జ్ఞానస్నానమిచ్చెను గదా!" అయ్యా, ఆ అధ్యాయమును మరల చదువుడు. ఆ అధికారి యెరూషలేమునకు పోయి దేవుని ఆరాధించి వచ్చుచున్నవాడు. రథము మీద యెషయా గ్రంథము చదువుకొనుచున్నవాడు. తనకు అర్థము కాలేదని, చెప్పువాడు కావలెనని తానే ఒప్పుకొన్నవాడు. ఫిలిప్పు రథమెక్కి అతని ప్రక్కన కూర్చుండి, అతడు చదువుచున్న చోటనే మొదలుపెట్టి యేసును గూర్చి చెప్పెను. మనము చేయుచున్నది అదియా? పెండ్లి ముహూర్తమునకు పది దినముల ముందు వరుని పిలిచి, నాలుగు జపములు బట్టీ పట్టించి, తలపై నీరు పోయుటయా? ఇక పల్లెవారికి తెలివి తక్కువ అను మాట విన్నప్పుడు నాకు కోపము వచ్చును. ఎరువుల అంగడిలో నకిలీ విత్తనమును వాసన చూచి కనిపెట్టు రైతు, నకిలీ బోధను కనిపెట్టలేడా? కనిపెట్టును. మర్యాద కొరకు మన ఎదుట ఏమియు అనడు. మెల్లగా రాకుండ పోవును.

రెండవవారు అందురు: "చెప్పువారు లేరు. దొరికినవారితో సరిపెట్టుకొనవలెను." ఈ మాటలో కొంత నిజమున్నది. వరంగల్ మేత్రాసనము 1952లోను, ఖమ్మం మేత్రాసనము 1988లోను ఏర్పడినవి. గురువులు ఏ కొద్దిమందియో ఉండి, ఒక్కొక్కరు ఎన్నో ఊళ్ళు చూచుకొన్న దినములలో ఇక్కడ విశ్వాసమును కాపాడినవారు ఉపదేశులే. కిరసనాయిలు దీపము ముందర, కూలి నుండి వచ్చి అలసిన జనమునకు, ఒక్కొక్క జపమును పదిసార్లు చెప్పి నేర్పిన ఆ మహనీయుల ఋణము మనము తీర్చుకొనలేము. అందుచేతనే నేను వ్రాయుచున్నాను. ఉపదేశి పనిని గౌరవించువాడు ఆ పనిని ఎవరికి పడిన వారికి అప్పగించునా? 2021 మే 10న ఫ్రాన్సిస్ పోపుగారు ఉపదేశి సేవను శ్రీసభలో ఒక స్థిరమైన పరిచర్యగా నెలకొల్పుచు, దానికి తగిన తరిఫీదు ఉండవలెనని కోరిరి. మనము మాత్రము, డ్రైవరుకు లైసెన్సు అడుగుదుము గాని ఆత్మలను నడుపువానిని ఏమియు అడుగము.

మూడవవారు అందురు: "తప్పు ఎత్తి చూపినచో ఉపదేశి మనసు నొచ్చును." అపోస్తలుల కార్యములు 18వ అధ్యాయమును తెరువుడు. అపొల్లో గొప్ప వక్త, లేఖనములు ఎరిగినవాడు, ఉత్సాహముతో బోధించినవాడు. కాని అతనికి యోహాను ఇచ్చిన స్నానము తప్ప మరేమియు తెలియదు. గుడారములు కుట్టుకొని బ్రతుకు ప్రిస్కిల్లా, అక్విలా దంపతులు ఏమి చేసిరి? సభలో నిలబెట్టి అవమానించిరా? లేదు. విని ఊరకుండిరా? అదియు లేదు. తమతో తీసికొనిపోయి దేవుని మార్గమును మరింత సరిగా వివరించిరి. అపొల్లో అలిగి పోలేదు. అంతకంటె గొప్ప పనివాడాయెను. ఆ తరువాతి అధ్యాయమున ఎఫెసులోని కొందరు శిష్యులు, పవిత్రాత్మ అనువాడు ఉన్నాడని తాము విననే లేదని పౌలుతో చెప్పిరి. పౌలు వారిని గద్దించలేదు. వినిపింపబడని దానిని వినిపించెను. మనకు మాదిరి ఇక్కడ ఉన్నది.

పూర్వపు శ్రీసభ ఈ పనిని ఎంత బరువుగా ఎంచినదో చూడుడు. మూడవ శతాబ్దపు రోమా ఆచారమును తెలుపునదిగా పేరొందిన అపోస్తలుల పారంపర్యమను గ్రంథము, జ్ఞానస్నానార్థులు మూడు సంవత్సరములు వాక్యము వినవలెనని చెప్పుచున్నది. అయినను శ్రద్ధగలవాని విషయమున కాలమును గాక నడవడినే చూడవలెనని వెంటనే చేర్చుచున్నది. అగుస్తీను అంతటి పండితుడు కూడ మిలాను నగరమున అంబ్రోసు పీఠాధిపతి ఉపదేశము విని, 387లో పాస్కా రాత్రి జ్ఞానస్నానము పొందెను. ఆయనయే తరువాత, దాదాపు 400 ప్రాంతమున, కార్తేజులోని దెయోగ్రాసియాసు అను ఉపదేశకుని కోరికపై, క్రొత్తవారికి ఎట్లు నేర్పవలెనో ఒక చిన్న పుస్తకము వ్రాసెను. వచ్చినవాడు ఏ కారణమున వచ్చెనో ముందు అడుగుమనెను; సంతోషముతో చెప్పుమనెను; వినువాడు అలసి ఆవులించినచో కూర్చుండుటకు పీట వేయుమనెను. పదహారు వందల ఏండ్ల నాటి ఆ పీట నేడు మన ఉపదేశ స్థలములలో ఉన్నదా?

మన దేశమున చూడుడు. తిరువాన్కూరు రాజ్యములో కొలువు చేసిన నీలకంఠ పిళ్ళెకు యోబు చరిత్ర చెప్పి ఓదార్చినవాడు దె లనోయి అను సేనాని, ఒక గృహస్థుడు. గురువులు నేర్పి, పరీక్షించి, 1745లో దేవసహాయమను పేర జ్ఞానస్నానమిచ్చిరి. ఏడేండ్లకు, 1752లో, ఆయన ప్రాణమిచ్చెను గాని విశ్వాసము విడువలేదు. 2022 మే 15న శ్రీసభ ఆయనను పునీతునిగా ప్రకటించెను. బాగుగా త్రవ్విన పునాదికి గాలివాన భయము లేదు. మన పొరుగున దోర్నకల్లులో 1912 నుండి 1945 వరకు ఆంగ్లికను బిషపుగా ఉండిన అజరయ్య గారు, జ్ఞానస్నానము పొందువారు తలపై చేయి పెట్టుకొని, సువిశేషము ప్రకటింపకున్న తనకు శ్రమ అని పౌలు అన్న మాటను తమ మాటగా పలుకునట్లు చేయించెడివారు. వారు మన శ్రీసభవారు కారు. అయినను పొరుగువాని పొలము పచ్చగా ఉన్నప్పుడు అతడు ఎట్లు దున్నెనో అడిగి తెలిసికొనుట రైతుకు అవమానము కాదు.

ఈ పూర్వపు ఆచారము నడుమ కాలమున సన్నగిల్లగా, 1963 డిసెంబరు 4న వాటికన్ మహాసభ పెద్దవారి జ్ఞానస్నాన సిద్ధపాటును మెట్లు మెట్లుగా మరల నెలకొల్పుమని ఆజ్ఞాపించెను. 1972లో దాని క్రమము వెలువడెను. శ్రీసభ చట్టములోని 865వ సూత్రము, వయసు వచ్చినవాడు తానే కోరుకొనవలెనని, విశ్వాస సత్యములను క్రైస్తవుని బాధ్యతలను తగినంత నేర్చుకొనవలెనని, క్రైస్తవ జీవితములో పరీక్షింపబడవలెనని చెప్పుచున్నది. ఇది మన ఇష్టమునకు విడువబడిన అలంకారము కాదు. అట్లని బట్టీ పాఠము అప్పగింపలేదని ఏండ్ల తరబడి వాకిట నిలబెట్టుటయు శ్రీసభ మనస్సు కాదు. చదువురాని ముసలమ్మకు ప్రశ్నోత్తరములు రాకపోవచ్చును. యేసు తన కొరకు మరణించి లేచెనని, సత్ప్రసాదములో ఆయనయే ఉన్నాడని, పాపము విడువవలెనని ఆమెకు తెలిసిన చాలును.

కావున ఏమి చేయుదము?

జ్ఞానస్నానార్థులారా, మొదట మీతో. మీరు భిక్షకు వచ్చినవారు కారు. సత్యమును పొందుటకు మీకు హక్కు కలదు. చెప్పిన మాట మనసుకు ముల్లువలె గుచ్చుకొన్నచో మౌనముగా ఉండకుడు. "అయ్యా, ఇది శ్రీసభ చెప్పిన మాటా, మీరు అనుకుంటున్న మాటా?" అని మర్యాదగా అడుగుడు. పుస్తకములో చూపుమనుడు. చూపలేనిచో విచారణ గురువు కడకు రండు. ఆయనకు తీరిక లేదన్నచో మరల రండు. సువిశేషములోని ఆ విధవ న్యాయాధిపతిని విసిగించినట్లు మమ్మును విసిగింపుడు. అప్పటికిని వినకున్న పీఠాధిపతులకు ఒక కార్డు వ్రాయుడు. తమ అవసరములను కాపరులకు తెలుపుకొను హక్కు విశ్వాసులకు చట్టమే ఇచ్చినది. సెల్‌ఫోనులో ఎవరో ఎక్కడనో అరచి చెప్పిన బోధను తెచ్చి మీ సందేహమునకు మందుగా వేసికొనకుడు. పేరు తెలియని వైద్యుని మాత్ర మ్రింగుదురా? అన్నిటికంటె ముఖ్యము, నేర్పినవాడు తప్పినాడని ప్రభువును విడిచి పోకుడు. కాలువ తప్పిదమునకు చెరువును శపింపకుడు.

ఉపదేశులారా, మీతో ఒక్క మాట. తెలియని ప్రశ్న వచ్చినప్పుడు, "నాకు తెలియదు, ఫాదరుగారిని అడిగి వచ్చే ఆదివారం చెప్త" అనుటకు వెనుదీయకుడు. ఆ ఒక్క వాక్యము మీ గౌరవమును తగ్గింపదు, పెంచును. నీటి కొరకు మడి మీ వైపు చూచుచున్నది గాని, నీరు మీది కాదు. నీరటి తన ఇంటి కుండలోని నీటితో పొలము పారించునా?

సంఘస్థులారా, ఉపదేశము ఉపదేశి పని అని చేతులు దులుపుకొనకుడు. క్రొత్తవాడు మీ ప్రక్క చాప మీద కూర్చున్నప్పుడు అతని కులమడుగకుడు; పేరడుగుడు. జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి అనునవి ఫోటో కొరకు నిలబడు పేర్లు కావు. నేర్చుకొనునంత కాలము వారమునకు ఒక్కసారి వారి ఇంటికి పోయి, కలిసి ప్రార్థించి, ఏమి నేర్చుకొన్నారని అడుగుడు. తప్పు విన్నప్పుడు ప్రిస్కిల్లా అక్విలా చేసినట్లు చేయుడు.

ఇక మాతో, అనగా గురువులతో. సోదరులారా, మనము ఏండ్ల తరబడి గురువిద్యాలయములో చదివితిమి. ఆ చదువు మన బీరువాలో తాళము పడియుండగా, కూలి పని ముగించుకొని వచ్చిన సోదరుడు చదివినంతలో చెప్పుచున్నాడు. ఆపైన అతని తప్పులను మనము నవ్వుచు చెప్పుకొనుచున్నాము. నెలకు ఒక్క సాయంకాలమైనను జ్ఞానస్నానార్థుల చాప మీద కూర్చుండి విందము. ఉపదేశులను నెలకొకసారి కూర్చుండబెట్టుకొని రాబోవు పాఠమును ముందుగా చదివింతము. జ్ఞానస్నానమునకు ముందు ప్రతివారితో ఒంటరిగా మాటలాడి, జపములు అప్పగించుమనక, "నిన్ను భయపెట్టుచున్నది ఏమి?" అని అడుగుదము. ఆనాడు నేను ఈ ఒక్క ప్రశ్న అడిగియున్నచో ఆ స్త్రీకి మూడేండ్ల కన్నీరు తప్పియుండెడిది. నేటి నుండి నా విచారణలో ఈ ప్రశ్న అడుగకుండ ఒక్కరి తలపైనను నీరు పోయనని మీ ఎదుట మాట ఇచ్చుచున్నాను. తప్పినచో మీరు నన్ను నిలదీయవచ్చును.

వేసవి వచ్చినప్పుడు మా రైతులు పార చేత పట్టుకొని కాలువ గట్టుకు పోవుదురు. పూడిక తీయుదురు, గండి పూడ్చుదురు, అటుపిమ్మటనే వాన కొరకు ఆకాశము వైపు చూచుదురు. మనకు తపస్సు కాలము అట్టి వేసవి. పాస్కా రాత్రికి ముందు పార పట్టుదము. చెరువు నిండియే ఉన్నది. చివరి మడిలో ఒక తల్లి గోడకు ఆనుకొని కూర్చుండి ఎదురుచూచుచున్నది.